నీడ లెక్క



ఏప్రిల్ వచ్చిందంటే వార్తల చివర చదివే వాతావరణ సమాచారానికి ఎక్కడలేని విలువా వస్తుంది. హైదరాబాద్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు అని వినపడగానే ఇంట్లో ఎవరో ఒకరు “నలభై ఒకటేనా? వీళ్లు తగ్గించి చెబుతారు” అని గొణుగుతారు. తగ్గించి చెప్పరండీ. కాకపోతే ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే ఆ గొణుగుడులోనూ కొంత న్యాయం ఉందనిపిస్తుంది.

మన వాతావరణ కేంద్రం బేగంపేట విమానాశ్రయం దగ్గర ఉంది. ఇలాంటి కేంద్రాల్లో థర్మామీటరును ఆరుబయట పచ్చిక మీద, మనిషి ఛాతీ ఎత్తున, తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో పెడతారు. గాలి ఆడేలా దాని పక్కలకు ఏటవాలు పలకలు ఉంటాయి. ఎండ లోపల పడకూడదు, నేల వేడి నేరుగా తగలకూడదు. అంటే మనకు చెప్పే 41 డిగ్రీలు నీడలో ఉన్న గాలి వేడి. ప్రపంచమంతా ఇదే పద్ధతి, అందులో తప్పేమీ లేదు. అందరూ ఒకే తీరుగా కొలుస్తారు కాబట్టే 1966 జూన్ 2న హైదరాబాద్‌లో నమోదైన 45.5 డిగ్రీల రికార్డును ఇవాళ్టి ఎండతో పోల్చి చూడగలుగుతున్నాం.

ఆ పెట్టెకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో అమీర్‌పేట మైత్రీవనం చౌరస్తా ఉంది. అక్కడ నిలబడ్డ మనిషికి పచ్చికా లేదు, పెట్టే లేదు. కింద తారు రోడ్డు, పక్కన అద్దాల గోడలు, ముందు సిగ్నల్ దగ్గర పొగ వదులుతున్న బస్సు. మే నెల మిట్టమధ్యాహ్నం నల్లటి తారు 60 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ రెండు మూడు కిలోమీటర్ల తేడా గురించే.

ఊరికి కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మైత్రీవనం అంటే నిజానికి నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టించిన ఒక భవనం. ఇప్పుడు ఆ పేరు చుట్టుపక్కల సందులన్నిటికీ పాకిపోయింది. మూడు దశాబ్దాలుగా ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా, అనంతపురం నుంచి ఖమ్మం దాకా, డిగ్రీ పట్టా చేతికి రాగానే పిల్లలు బస్సు దిగేది ఇక్కడే. జావా నేర్చుకునేవాళ్లు ఒకవైపు, సర్కారు కొలువుకు కోచింగ్ తీసుకునేవాళ్లు ఇంకోవైపు. వాళ్లను నమ్ముకుని హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు, జ్యూస్ బండ్లు. ఎస్.ఆర్. నగర్, బల్కంపేట మొదలు పంజాగుట్ట దాకా ఇదే సంత.

ఈ సంతలో ఎండాకాలం అన్నిటికంటే ఖరీదైన సరుకు నీడ. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలయ్యాక రోడ్డు మీద ఆకాశం సగం మూసుకుపోయిందని విసుక్కున్నవాళ్లే ఇప్పుడు ఆ వంతెన నీడను వెతుక్కుంటున్నారు. తోపుడుబండ్ల వాళ్లను గమనించండి. పొద్దున మెట్రో నీడ పడమటి వైపు పడుతుంది, బండ్లు అటు ఉంటాయి. సాయంత్రం నీడ తూర్పుకు వాలుతుంది, బండ్లూ ఇటు జరుగుతాయి. జామకాయలమ్మే మనిషి తన బండి కింద చక్రానికి రాయి అడ్డం పెట్టి, గంటకోసారి ఆ రాయి తీసి, రెండడుగులు తోసి, మళ్లీ పెడతాడు. చిక్కల్లా మధ్యాహ్నం వేళ. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ వారం పది రోజులూ వంతెన నీడ నేరుగా వంతెన కిందికే, అంటే రోడ్డు మధ్య డివైడరు మీదికి పడుతుంది. అక్కడ మనిషి నిలబడలేడు, బండి పెట్టలేడు. బండ్ల వాళ్లకు ఆ ఒకటి రెండు గంటలే గండం.

వాళ్లకైనా బండి మీద గొడుగు ఉంటుంది. కరపత్రాలు పంచే కుర్రాళ్లకు అదీ లేదు. మైత్రీవనం ముందు నడిచినవాళ్లకు వాళ్లు తెలుసు. మెడకు తడి రుమాలు, తలకు ఇనిస్టిట్యూట్ పేరున్న టోపీ, చేతిలో రంగుల కాగితాల కట్ట. ‘సార్, న్యూ బ్యాచ్ సార్, ఫ్రీ డెమో సార్’ అంటూ చెయ్యి చాపుతారు. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద కాగితం తీసుకునే నాథుడే ఉండడు. అప్పుడా కట్టే వాళ్లకు విసనకర్ర, అదే గొడుగు. పోనీ మెట్రో మెట్ల కింద నిలబడదామంటే, పంపినవాళ్ల నుంచి ఫోన్ వస్తుంది, మెయిన్ రోడ్డు మీద కనపడట్లేదేమని.

పొడి ఎండలో ఒక మోసం ఉంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో అయితే ఒళ్లంతా చెమటతో తడిసి, నీళ్లు పోతున్నాయని శరీరమే చెబుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన మరుక్షణమే ఆరిపోతుంది. అలా ఆరిపోవడం వల్లే మనం బతుకుతున్నామనుకోండి. ఒక లీటరు చెమట ఆవిరైతే శరీరం నుంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పట్టుకుపోతుంది. గాలి వేడి ఒంటి వేడిని దాటాక శరీరానికి చల్లబడే దారి అదొక్కటే. చొక్కా పొడిగానే ఉంది కదా అని మనిషి నీళ్ల సంగతి మరిచిపోతాడు. సాయంత్రం నాలుగింటికి తలనొప్పి మొదలైతే క్లాసు ఎక్కువైందనుకుని టీ తాగుతాడు. పెదవులు పగిలి, మూత్రం ముదురు పసుపు రంగులో పోతుంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట.

ఎండను లెక్కలోకి తీసుకునేవాళ్లు లేకపోలేదు. మార్చి మధ్యలో సర్కారు బడులకు ఒంటిపూట మొదలవుతుంది. పన్నెండున్నరకు బడి విడిచిపెడతారు. ఎంత మంచి ఏర్పాటో! ఊళ్లలో ఉపాధి హామీ కూలీలకు వేసవిలో పని కొలతలో సడలింపు ఇచ్చే పద్ధతి కూడా మన దగ్గర వచ్చింది. నేల గట్టిపడుతుంది, మనిషి తొందరగా అలిసిపోతాడు అని ఎవరో ఆఫీసులో కూర్చుని గుర్తించి కాగితం మీద పెట్టారు. నగరంలో ఆ దయ కనపడదు. కోచింగ్‌కు ఒంటిపూట లేదు, కరపత్రాల కుర్రాడికి లేదు, పార్శిల్ సంచీ వీపున వేసుకుని పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కే డెలివరీ పిల్లాడికి అసలే లేదు. ఎండ ముదిరే కొద్దీ జనం బయటికి రారు. రాని వాళ్లందరి కోసం అతనొక్కడే తిరుగుతాడు. మే నెల మధ్యాహ్నం ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది మనకు గుర్తుండదు. నాకూ ఉండదు.

ఇక రాత్రి మాట. ఎండ గురించి మాట్లాడేవాళ్లంతా పగటి గురించే మాట్లాడతారు. హాస్టల్ పిల్లల్ని అడగండి, రాత్రే అసలు కష్టమంటారు. ఇక్కడి హాస్టళ్లు చాలావరకు 200, 300 గజాల్లో ఉన్న పాత ఇళ్ల మీద అంతస్తులు లేపినవి. పై అంతస్తు గదికి అద్దె కొంచెం తక్కువ. ఎందుకు తక్కువో మార్చి దాటాక అర్థమవుతుంది. స్లాబు పగలంతా కాలి, సూర్యుడు అస్తమించాక ఆ వేడిని నెమ్మదిగా గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. రాత్రి పదకొండింటికి పైకప్పు మీద అరచెయ్యి ఆనిస్తే దించిన పెనం తగిలినట్టుంటుంది. ఆ గదిలో నాలుగో అయిదో ఇనుప మంచాలు, ఒక ఫ్యాను. ఫ్యాను తిప్పేది ఆ వేడి గాలినే. పిల్లలు చాపా దిండూ తీసుకుని డాబా మీదికి పోతారు. అక్కడ నీళ్ల ట్యాంకుల మధ్య చోటు కోసం పోటీ. నిద్రలేని మనిషికి మర్నాడు ఏడింటి క్లాసులో ఏం ఎక్కుతుంది? పగలు ఎంత కాల్చినా రాత్రి చల్లబడితే శరీరం కోలుకుంటుంది. రాత్రి కూడా వేడి తగ్గకుండా వరసగా రోజులు గడిస్తేనే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇది మన ఒక్కరి గోడు కాదు. 2003 ఆగస్టులో వడగాలులకు ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది ముసలివాళ్లు. ఎవరు ఎక్కువగా పోయారని అక్కడి పరిశోధకులు ఆరా తీస్తే బయటపడ్డ కారణాల్లో ఒకటి, నేరుగా పైకప్పు కిందే పడకగది ఉండటం. ప్యారిస్ పాత భవనాల మీద జింకు రేకుల కప్పు, దాని కింద చవక గదులు. అదే ఏడాది మే, జూన్ నెలల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3 వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ప్యారిస్ సంగతి ప్రపంచానికంతా తెలిసింది. మనది జిల్లా పేజీల్లో అంకెలుగా వచ్చిపోయింది. 2015 మేలో మళ్లీ రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల పైచిలుకు. అందులో ఎక్కువమంది కూలి పనికి పోయినవాళ్లు, ముసలివాళ్లు.

ఏసీ పెట్టించుకోవచ్చు కదా అంటారు. స్తోమత ఉన్నవాళ్లు పెట్టించుకుంటున్నారు. 2024 వేసవిలో గ్రేటర్ హైదరాబాద్ కరెంటు వాడకం 4 వేల మెగావాట్లు దాటింది. అమీర్‌పేట వెనక సందుల్లో తల ఎత్తి చూడండి, గోడల నిండా ఏసీ డబ్బాల వీపులు. గదిలో వేడిని లాగి సందులోకి ఊదుతాయి, పైగా తాము నడవడానికి కాల్చిన కరెంటు వేడిని కూడా కలిపి. లోపలివాడి చల్లదనం ఖర్చు బయట నడిచేవాడు భరిస్తాడు. కూలర్ కొంత నయం, పొడి గాలిలో బాగా పనిచేస్తుంది. మబ్బు పట్టి ఉక్కపోత మొదలైతే దాని ఆటలు సాగవు. అయితే కూలర్‌కు దాహం ఎక్కువ, పూటకు బకెట్ల కొద్దీ నీళ్లు పోయాలి. సరిగ్గా ఎండ నెలల్లోనే నీళ్లుండవు.

నీళ్ల దగ్గరికి వచ్చాం కాబట్టి కొంచెం ఆగుదాం. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు రాయి. ఇసుక నేలలా నీటిని పీల్చి దాచుకునే గుణం దానికి లేదు. పై పొరలో చితికిన రాయి, లోపల పగుళ్లు, అంతవరకే నీరు. ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం సిమెంటు మీద పడి, కూకట్‌పల్లి నాలాలో కలిసి, హుస్సేన్‌సాగర్‌కు పోతుంది. వెయ్యి అడుగులు బోరు వేసినా పగులు తగిలితేనే నీళ్లు. మీ బోరులోకి వచ్చేది పక్కింటివాడి బోరులోకి పోవాల్సిన నీరే అయ్యుండొచ్చు.

2016 వేసవి గుర్తుందా? మహారాష్ట్రలోని లాతూర్‌కు రైల్లో నీళ్లు తోలారు, దేశమంతా టీవీల్లో చూసి అయ్యో అంది. లాతూర్‌కు నీళ్లిచ్చేది మంజీరా నది. ఆ నదే బీదర్ మీదుగా దిగి సింగూరు జలాశయానికి వస్తుంది. అక్కణ్నుంచి హైదరాబాద్‌కు. అంటే లాతూర్‌లో అడుగంటిన నదే మన కుళాయిలోనూ అడుగంటింది. సింగూరు, మంజీరా ఎండాయి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కూడా చేతులెత్తేశాయి. నగరం గట్టెక్కిందంటే కారణం కృష్ణా నీళ్లు, అంతకు కొద్ది నెలల ముందే ఎల్లంపల్లి నుంచి వచ్చిన గోదావరి నీళ్లు. వందకు పైగా కిలోమీటర్ల అవతలి నుంచి ఎత్తిపోసిన నీళ్లు. మనం లాతూర్‌ను చూసి జాలిపడ్డాం, మన ఒడ్డుకు రైలు బదులు పైపు వచ్చిందంతే.

2024లో మార్చి నుంచే ట్యాంకర్ల కోసం వరసలు కట్టారు. నదుల నీళ్లు కుళాయికి రోజు విడిచి రోజు వస్తూనే ఉన్నాయి, బోర్లు మాత్రం ఎండిపోయాయి. ఆరుగురుండే ఇంటికి వేసిన కనెక్షన్ మీద అరవై మంది పిల్లలు బతికే హాస్టల్ కుళాయి నీళ్లతో నడవదు. అది బోరుతో నడుస్తుంది, బోరు పోతే 5 వేల లీటర్ల ట్యాంకరుతో నడుస్తుంది. గోడ మీద స్కెచ్ పెన్నుతో ‘నీళ్లు ఉదయం 6 నుంచి 8 వరకే’ అని కాగితం అంటిస్తారు. కింద ఎవడో కొంటె కుర్రాడు ‘ఫ్రీ డెమో’ అని రాసిపోతాడు. బట్టలు ఆదివారం ఊరికి మోసుకెళ్లి ఉతికించుకొచ్చే పిల్లలు ఉన్నారు.

ఇంత నీళ్ల కరువు సందుల మధ్యే బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది. ఆ తల్లి వెలిసింది బావిలో. నేలమట్టానికి కిందగా, ఊట నీటి చెంత ఉంటుంది. ఆ నీటినే తీర్థంగా ఇస్తారు. ఆషాఢంలో కళ్యాణానికి ఊరు ఊరంతా కదిలి వస్తుంది. ఆ బావి మాటలో మొక్కు ఒక్కటే కాదు, ఈ ప్రాంతంలో ఒకప్పుడు చేతికందేంత లోతులో నీళ్లుండేవన్న జాడ కూడా ఉందని నాకు తోస్తుంది. వాన నీరు మళ్లీ నేలలోకి ఇంకేలా ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వాలని 2002 వాల్టా చట్టం నాటి నుంచి మనకు నిబంధన ఉంది. అపార్టుమెంటు ప్లానులో గుంత ఉంటుంది, అపార్టుమెంటులో మాత్రం దాని మీద కారు ఉంటుంది.

నీళ్లు తాగండి, నీళ్లు తాగండి అని వేసవి పొడుగునా సలహా వింటాం. ఆడపిల్లలకు ఈ సలహా ఇచ్చే ముందు మైత్రీవనం చుట్టుపక్కల శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో కూడా చెప్పాలి. దుకాణంలో పొద్దున్నించి రాత్రిదాకా నిలబడే సేల్స్ అమ్మాయి, సిగ్నల్ దగ్గర మహిళా కానిస్టేబులు, రోడ్డు ఊడ్చే అక్క, వీళ్లు కావాలనే నీళ్లు తక్కువ తాగుతారు. తాగితే ఎక్కడికి పోవాలి? దాని ఫలితం మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, కిడ్నీలో రాళ్లు. ఎండ జబ్బుల జాబితాలో వీటిని రాయరు గానీ రాయాల్సినవే.

తాగేవాటికి ఇక్కడ కొదవ లేదు. చెరుకు రసం, నిమ్మ సోడా, సబ్జా గింజల షర్బత్, తాటి ముంజలు. ఈమధ్య రాగి జావ, అంబలి బండ్లు పెరిగాయి, చాలా మంచి మార్పు. ఉప్పేసిన పలచటి మజ్జిగకు మించిన మందు లేదని మా ఇంట్లో పెద్దవాళ్లు అనేవారు, నేనూ అదే అంటాను. ఓఆర్‌ఎస్ దగ్గర మాత్రం జాగ్రత్త. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగుల్ని బతికించింది ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతోనే. ఇప్పటి లెక్కన లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర పానకాలు అట్టపెట్టెల్లో మన మందుల షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పట్టువదలకుండా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి.

రోడ్డు మీద ఎవరైనా కూలబడితే, మాట తడబడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బే అనుకుని కదలండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ మీద, చంకల్లో, గజ్జల దగ్గర తడిగుడ్డలు వేసి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న ఈ సేవ మొదలైంది మన నగరంలోనే. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. పెట్టుకోండి, తప్పులేదు, మధ్యాహ్నం పెరుగన్నంలో నంజుకోవడానికి పనికొస్తుంది.

2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. మంచిదే. చనిపోకముందు అందేది కూల్ రూఫ్ విధానం. 2023లో వచ్చింది, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలని లక్ష్యం. చల్లబరచడం అంటే ముఖ్యంగా తెల్లటి పూత వేసి ఎండను వెనక్కి పంపడం. ఇళ్ల విషయంలో తప్పనిసరి నిబంధన 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికి. మన హాస్టళ్లు 200, 300 గజాల పాత కట్టడాలు, వాటికిది యజమాని ఇష్టం. హాస్టల్ నడిపేవాళ్లు ఎవరైనా వింటుంటే నా మాట ఇదీ. ఖరీదైన పూత అక్కర్లేదు, ఫిబ్రవరిలో డాబా మీద రెండు చేతులు సున్నం కొట్టించండి. వానలకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ కొట్టించాలి. పై అంతస్తు పిల్లలు రెండు గంటలు ఎక్కువ నిద్రపోతే ఆ ఖర్చు ఎక్కడికీ పోదు.

చలివేంద్రాలు పెట్టే పుణ్యాత్ములకూ ఒక మనవి. రంజన్లు, గ్లాసులు అన్నీ బాగానే పెడతారు, ఫ్లెక్సీ ఎండ తగలని చోట కడతారు, రంజన్ మాత్రం ఎండలో ఉంటుంది. దాన్ని నాలుగడుగులు జరిపి, తాగే మనిషి కూడా ఆ నీడలోనే నిలబడేలా చూడండి. మట్టి రంజన్ చల్లబడేది దాని ఒంటి మీద తడి ఆరడం వల్ల, గాలి తగలనివ్వండి, గోనెపట్టా చుట్టి తడుపుతూ ఉండండి.

చివరిగా ఇనిస్టిట్యూట్ల వాళ్లకు. పన్నెండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని కరపత్రాలతో రోడ్డు మీద నిలబెట్టకండి. ఆ వేళ తీసుకునేవాళ్లే లేరని మీకూ తెలుసు. సాయంత్రం అయిదున్నరకు మెట్రో మెట్ల దగ్గర నిలబెడితే గంటలో కట్ట అయిపోతుంది. మధ్యాహ్నం ఆ నాలుగు గంటలూ లోపల కూర్చోబెట్టండి. ఆ గంటలకు జీతం మాత్రం కోయకండి.